కౌలాలంపూర్ ఫ్లాట్‌లో మూడు విజిల్స్

కాలేజీ హాస్టల్లో అమ్మాయిలు గ్లాసు బోర్లించి ఆత్మల్ని పిలుస్తుంటే, ఆ గ్లాసును చూపుడు వేలితో మెల్లగా తోసేది నేనే. వాళ్లు కెవ్వుమంటుంటే నాకు నవ్వాగేది కాదు. దెయ్యాల విషయంలో నేను అంత మొండిదాన్ని. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది. అప్పుడు నేను ఏడిపించిన వాళ్లంతా ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారని తెలుసు. నవ్వుకోనివ్వండి, జరిగింది జరిగినట్టే చెప్తాను.

మేం ఉండేది లండన్ పక్కన హారోలో. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఒక సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని, వారానికి మూడు రోజులు. ఆ ఉద్యోగం వల్ల నాకొక అలవాటైంది. ఎవరు ఫోన్ చేసినా టైం వేసి, చెప్పిన సంగతి రెండు ముక్కల్లో రాసుకుంటాను. ఇంట్లో ఫోన్ పక్కన కూడా ఒక డైరీ ఉండేది. ఇక్కడ నేను చెప్పే టైములన్నీ అందులోవే.

2006 ఫిబ్రవరిలో మా ఆయన్ని కంపెనీవాళ్లు రెండేళ్ల ప్రాజెక్టు మీద కౌలాలంపూర్ పంపారు. ఆయన టీములోనే పనిచేసే కిరణ్‌కి కూడా అదే ప్రాజెక్టు. కిరణ్ భార్య మాధవి మాకు రెండు వీధుల అవతల ఉండేది. ఒక్కగానొక్క పాప, అప్పటికి ఐదు నెలలది. మాధవి నన్ను నోరారా అక్కా అని పిలిచేది. వాళ్లు మార్చిలో వెళ్లాలనీ, మా అమ్మాయి స్కూలు సంవత్సరం అయ్యాక జూలైలో మేం వెళ్లాలనీ అనుకున్నాం.

ముందు మా ఆయన ఒక్కరే వెళ్లి హోటల్లో దిగి, ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టారు. ఆయన ఫొటోలు మెయిల్ చేసేవారు, ఫ్లాట్‌లో నిలబడి ఫోన్ చేసేవారు, హారోలో కూర్చుని నేను వంకలు పెట్టేదాన్ని. అలా వంకలు పెట్టీ పెట్టీ చివరికి రెండు మిగిలాయి.

మొదటిది కొత్త టవర్లో పదిహేడో అంతస్తు. ఆఫీసుకి నడిచి వెళ్లొచ్చు, కింద కూరగాయల కొట్టు, పిల్లలు ఆడుకునే చోటు. రెండోది పాత బిల్డింగు, బస్సులో అరగంట దూరం, కిటికీ తీస్తే లారీల రొద. ఎవరినడిగినా మొదటిదే అంటారు. నేనూ అదే అనుకున్నాను.

మంగళవారం పొద్దున పదీ ముప్పై ఐదుకి మొదటి ఫ్లాట్ నుంచి ఫోన్ చేశారు. అక్కడ సాయంత్రం. బెడ్‌రూములో అల్మారాలు ఎంత పెద్దవో చెప్తున్నారు. ఆయన గొంతు వెనక కుక్కర్ విజిల్ వినిపించింది.

నాదేనేమో అని కార్డ్‌లెస్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. నా కుక్కర్ సింకు పక్కన బోర్లించి ఉంది. ఈలోపు రెండో విజిల్, కాసేపటికి మూడోది. ఇంగ్లీషు వాళ్లకైతే అదేం చప్పుడో తెలియకపోవచ్చు. మన ఆడవాళ్లు నిద్రలో కూడా లెక్కపెడతారు.

"ఎవరింట్లో ఉన్నారండీ?" అన్నాను.

"ఖాళీ ఫ్లాట్‌లో ఉన్నాను తల్లీ. నేనూ, ఏజెంటమ్మా. ఇంకెవరుంటారు?"

నిజం ఒప్పుకుంటున్నాను, అప్పుడు నాకు దెయ్యం గుర్తు రాలేదు, మనిషే గుర్తొచ్చింది. ఆయన క్లాస్‌మేట్ ఒకావిడ ఆ ఊళ్లోనే ఉంటుంది, రెండు రోజుల క్రితమే పప్పు, గోంగూర వండి పెట్టిందని ఈయనే చెప్పారు. ఆయన మళ్లీ అల్మారాల దగ్గరికే వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. కడిగేద్దామని నోరు తెరిచేలోగా దభీమని పెద్ద బరువేదో పడింది. దాని వెనకే స్టీలు మూతలు నేల మీద గిర్రున తిరిగి, తిరిగి, మెల్లగా ఆగిపోయాయి. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు.

నాకు భయం వేసింది ఆ చప్పుడుకి కాదు. అది పడుతున్నంతసేపూ మా ఆయన ఆపకుండా అల్మారాల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. పక్కన అంత చప్పుడైతే ఏ మనిషైనా ఉలిక్కిపడతాడు. ఆయన మాట తడబడను కూడా లేదు.

వంటింట్లోకి వెళ్లి చూడమని ప్రాణం తీశాను. వెళ్లారు. కిటికీలు మూసి ఉన్నాయట, కరెంటు పొయ్యి మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదట, అరలన్నీ ఖాళీ అట. ఏజెంటమ్మకి ఫోన్ ఇమ్మన్నాను. ఆవిడ కూడా ఏ చప్పుడూ లేదంది.

గురువారం పదీ యాభైకి మళ్లీ అదే ఫ్లాట్ నుంచి చేశారు. మళ్లీ అదే వరస. మూడు విజిల్స్, కాసేపు నిశ్శబ్దం, దభీమని చప్పుడు, మూతలు. ఈసారి గడియారం చూస్తూ విన్నాను. మూడో విజిల్‌కీ ఆ చప్పుడుకీ మధ్య నిమిషం కూడా లేదు. రెండో ఫ్లాట్ నుంచి కూడా రెండుసార్లు చేశారు. లారీల రొద తప్ప ఏమీ లేదు.

లైన్లు కలిసిపోయి ఉంటాయి, పక్క ఫ్లాట్‌లో ఎవరో మనవాళ్లుంటారు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ నా కూతుర్ని ఆ ఇంట్లో పెట్టడానికి మనసు ససేమిరా అంది. మా ఆయనకి అసలు సంగతి చెప్పలేక, వంటిల్లు ఈశాన్యంలో ఉంది, వాస్తు బాగాలేదు అన్నాను. పెళ్లైన తొమ్మిదేళ్లలో నా నోట ఆ మాట వినని మనిషి బిత్తరపోయారు. అప్పటికే ఏజెంటుకి మాటిచ్చేశారు పాపం. నా మీద కోపంతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడారు. చివరికి కిరణ్ ఆ ఫ్లాట్ మేం తీసుకుంటాం అనడంతో గొడవ సద్దుమణిగింది.

మార్చి మొదటి శనివారం మాధవి పాపని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, ఇంత మంచి ఫ్లాట్ మీరెందుకు వద్దన్నారు? ఏమన్నా ఉందా?" అని సూటిగా అడిగింది.

ఏం చెప్పను? ఖాళీ ఇంట్లో కుక్కర్ కూసిందని చెప్పనా? వచ్చే వారం గెట్‌టుగెదర్‌లో అందరూ నన్నే చెప్పుకుని నవ్వుతారు. పైగా వీళ్లు కూడా వద్దంటే మా ఇంట్లో గొడవ మళ్లీ మొదటికొస్తుంది. "మా ఆయనకి వాస్తు పిచ్చి పట్టుకుందిలే. మీకేం, హాయిగా తీసుకోండి," అన్నాను. పాప నా గాజులు లాగుతూ ఆడుకుంటోంది. అంత తేలిగ్గా అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకే తెలియదు.

మే నెలలో ఒకరోజు నాకు డ్యూటీ లేదు, సెలవు. పదకొండూ పదికి మాధవి ఫోన్ చేసింది, అక్కడ సాయంత్రం ఆరు దాటింది. మంచి హుషారుగా ఉంది. ఇండియా నుంచి కందిపప్పు, మినప్పప్పు, బియ్యం వచ్చాయట, స్టీలు డబ్బాల్లో పోసి గోడ అరల్లో సర్దిందట. పాప పాకుతోంది, చేతికందిందల్లా లాగుతోంది కాబట్టి పిండి రుబ్బే రాళ్ల గ్రైండర్ని కూడా కిరణ్ చేత పై అరకి ఎక్కించిందట.

"అంత బరువు పైకెక్కించారా? కప్పులు పెట్టుకునే అరలవి," అని నవ్వాను. అప్పటికి కూడా నాకేమీ తట్టలేదు.

అప్పుడు కుక్కర్ విజిల్ వేసింది.

"పాప ఎక్కడుంది?"

"ఇక్కడే, వాకర్లో. నా కాళ్ల దగ్గరే తిరుగుతోంది."

"పాపని తీసుకుని హాల్లోకి వెళ్లమ్మా."

"ఎందుకక్కా?"

ఎందుకో నేను చెప్పలేను. వెళ్లమని మళ్లీ అన్నాను. రెండో విజిల్ వచ్చింది. మాధవి నవ్వింది. "పప్పు పెట్టానక్కా. మూడో విజిల్ రానివ్వండి, కట్టేసి వెళ్తాను."

మూడో విజిల్ రాకుండా పొయ్యి దగ్గర నుంచి కదిలే మనిషి మనలో ఎవరున్నారు? నేనైనా కదలను. ఇక ఏమైతే అదైందని గొంతు చించుకుని అరిచాను. "ఒసేయ్ మాధవీ, పప్పు తగలడితే తగలడనీ! పిల్లని ఎత్తుకుని బయటికి పోవే!"

మాధవిని నేనెప్పుడూ ఒసేయ్ అనలేదు. వాకర్ చక్రాలు నేల మీద గరగరమని కదిలాయి. మూడో విజిల్ దూరం నుంచి వినిపించింది.

"అక్కా, ఏమైంది? మీ అమ్మాయికి బాగానే ఉందా?" అంది మాధవి. మా ఇంట్లోనే ఏదో ఘోరం జరిగిందనుకుంది. నేను ఫోన్ చెవికి అదిమిపెట్టి వింటున్నాను. దభీమని పడింది. మూతలు గిర్రున తిరిగి, తిరిగి, మెల్లగా ఆగాయి. పాప గుక్కపెట్టి ఏడ్చింది. లైను కట్టయింది.

మళ్లీ ఫోన్ వచ్చేసరికి పదకొండూ ఇరవై తొమ్మిది. ఆ కాస్సేపట్లో నేను మెట్ల మీద కూర్చుని ఎన్ని దండాలు పెట్టుకున్నానో నాకే తెలియదు. ఇద్దరికీ చిన్న గాయం కూడా లేదు. అరల వరస మొత్తం గోడ నుంచి ఊడొచ్చింది. వాకర్ ఉన్న చోటే గ్రైండర్ పడి నేల మీద టైలు పగిలింది.

అరలు ఎందుకు ఊడాయో చెప్పడం కష్టమేం కాదు. పలచటి గోడకి చిన్న మేకులు, వాటి మీద మన పప్పులు, బియ్యం, రాళ్లు. కానీ మూడు నెలల ముందు, ఖాళీ ఇంట్లోంచి, అదే వరసలో ఆ చప్పుళ్లు నా చెవికెలా వచ్చాయి? జూలైలో అక్కడికి వెళ్లాక మా ఆయనకి డైరీ చూపించాను. రెండుసార్లు చదివారు. ఫోన్లో ప్రతిధ్వని గురించి ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపేశారు. ఒక్క తేడా మాత్రం ఆయనకి కూడా చెప్పలేదు. ఫిబ్రవరిలో విన్న రెండుసార్లూ, మూతలు ఆగిపోయాక పాప ఏడుపు లేదు.

ప్రాజెక్టు అయిపోయి, ఈ ఏడాది రెండు కుటుంబాలూ హారోకి తిరిగొచ్చేశాం. మొన్న సెప్టెంబర్లో ఆ పాపకి మూడో పుట్టినరోజు చేశారు. హాలు నిండా జనం. మాధవి నా చెయ్యి పట్టుకుని అందరి ముందుకీ లాక్కెళ్లి, "నా బిడ్డకి ప్రాణం పోసింది ఈ అక్కే. ఆ రోజు ఎలా తెలిసిందో ఏమో, దేవుడే పలికించాడు," అని కళ్లు తుడుచుకుంది. కేకు మొదటి ముక్క నా చేతే పాపకి పెట్టించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు మార్చిలో ఆ శనివారం కళ్ల ముందు మెదిలింది. ఏమన్నా ఉందా అని అడిగింది ఈ మాధవే. ఉందని నాకు తెలుసు. నా కూతురికి వద్దనుకున్న ఇల్లు దాని కూతురికి చాల్లే అనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. పాప కేకు మూతితో నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. నేను చీర కొంగుతో తుడుచుకుని, ఆ మాట మాత్రం చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.