అవి మందులు కావట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటరు తెరిచి ఉన్న రోజులకన్నా మూసి ఉన్నవే ఎక్కువ. ఇంట్లో కూర్చుని కూర్చుని నాకు దిగులు పట్టుకుంది. తిండి సహించేది కాదు, కథల పుస్తకం కూడా తెరవబుద్ధయ్యేది కాదు. ఎల్‌బీ నగర్ డాక్టరుగారు రోజుకో మాత్ర రాసి, నెమ్మదిగా పనిచేస్తుందన్నారు.

ఆ నెమ్మది అమ్మకు నచ్చలేదు. కింద పోర్షన్‌లో ఉండే ఓనర్ ఆంటీకి అసలే నచ్చలేదు. "గీ గోలీలు ఏస్కో బిడ్డా, పూలతోని చేసినయ్. మనసు హుషారైతది" అని ఒక డబ్బా ఇచ్చింది. వద్దనడం నాకు చేతకాదు. అమ్మ రెండు రకాలూ ఒకే అరచేతిలో పోసి, మింగేదాకా ఎదురుగా నిలబడేది.

తర్వాత చేతులు వణకడం మొదలైంది. చెమటలు, గుండెదడ, కడుపులో తిప్పడం. అమ్మ దిష్టి అంది. ఆంటీ, "టియర్ గ్యాస్‌కు జడుసుకున్నది పోరి" అంది. మాత్రలు మొదలయ్యాక నేను గేటు దాటిందే లేదు.

డాక్టరుగారి దగ్గర జవాబులన్నీ అమ్మే చెప్పింది.

"వేరే మందులేమన్న వాడుతున్నదా?"

"అబ్బే, ఏమీ లేవండీ."

అయితే ఆందోళన ఎక్కువైనట్టుందని ఆయన ఉన్న మాత్రనే పెంచి రాయబోయారు.

"ఇంకోటి కూడా వేసుకుంటున్నా" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"అవి మందులేంటే, పూలేగా" అని అమ్మ విసుక్కుంది.

"ఉమ్మెత్త గూడ పువ్వేనమ్మా" అన్నారాయన పెన్ను పక్కన పెట్టి, నేను సంచిలోంచి తీసిచ్చిన డబ్బా మీది పేరు చదివి. "ఈ రెండు కలిస్తే ప్రమాదం. పూల గోలీలు ఇయ్యాల్నే బంద్ చెయ్యిన్రి. జ్వరమొచ్చినా, వణుకు పెరిగినా పెద్ద దవాఖానకు తీస్కపోవాలె."

దారంతా అమ్మ బాధ ఒక్కటే. ఆవిడ ప్రేమగా ఇచ్చారు, మానేశామంటే ఏమనుకుంటారో అని.

కొన్నాళ్లకు చేతులు కుదురుకున్నాయి. మెట్ల దగ్గర ఆంటీ మురిసిపోతూ, "చూసినవా, నా గోలీలు పనిచేసినయ్" అంది. అమ్మ "అవునండీ" అనేసింది.

"కాదాంటీ, అవి మానేశాకే తగ్గింది" అన్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది.

"అట్లనా? మరి నేను గూడ ఏస్కుంటున్న గద, బీపీ గోలీతోని."

"మీ డాక్టరుకు చెప్పారా?"

"మందులైతె చెప్తం. గివేం చెప్తం?"

"రేపు నాతో రండి, చెప్దాం."

"రేపు బంద్ గద బిడ్డా. బస్సులుండయ్."

"నడిచి పోదాం" అన్నాను.