అక్క పెద్దా, చెల్లె పెద్దా

రెండువేల మూడులో, మేడ్చల్‌లో ఎరువుల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్‌లో రోజారాణి మేడం మాకు సి లాంగ్వేజి చెప్పేది. ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. కంప్యూటర్ తప్పు చూపిస్తోందని ఎవరన్నా అంటే చాలు, మీదపడి కరిచినంత పని చేసేది.

"మిషన్ ఎన్నడు తప్పు చెప్పదు. నువ్వేం కొట్టినవో సూస్కో!"

పెద్దది, చిన్నది, సమానం అనే గుర్తులు నేర్పడానికి ఏ బ్యాచ్‌కైనా ఆమెది ఒకటే ప్రోగ్రాం. అక్క వయసు, చెల్లె వయసు ఇస్తే ఎవరు పెద్దో తెరమీద పడుతుంది. ఇచ్చే వయసులు మేడందీ, వాళ్ళ అక్క సుచిత్రదీ. ఆ అక్కే ఇంట్లో కొట్లాడి మరీ చెల్లెకు కంప్యూటర్ నేర్పించింది. తర్వాత శామీర్‌పేట రోడ్డు మీద లారీ గుద్ది, ఇరవై ఏడేళ్ళకే పోయింది. మేడం ప్రోగ్రాం మార్చలేదు. అక్క వయసూ మార్చలేదు. మా ముందు బ్యాచ్‌లో 'ఇద్దరూ సమానం' అని వస్తే, "కవలలమైనం" అని నవ్విందట.

మా బ్యాచ్‌లో అక్కకు ఇరవై ఏడు కొట్టింది. తనకు ఇరవై ఎనిమిది కొట్టి ఎంటర్ నొక్కింది. 'చెల్లె పెద్ద' అని వచ్చింది.

సంగతి తెలియని బాలేష్ పకపకా నవ్వాడు. "మేడం, తప్పొచ్చింది! అక్కకంటె చెల్లె ఎట్ల పెద్దగైతది?"

ఇప్పుడు వీడి పని అయిపోయిందని మేమంతా తలలు దించుకున్నాం. మేడం తెరమీది ఆ మాటల మీద వేలు పెట్టింది.

"అవు బిడ్డా," అంది. "మిషనే తప్పు చెప్తాంది."