తాత దూదేకిన ఊరు

మహబూబ్ సుభానిని ఒక్క మాట అడిగితే చాలు, ముఖం మాడిపోయేది. మీవాళ్ళు ఏం పని చేసేవాళ్ళు? ఇంతే. ఇందులో కోపం తెచ్చుకోవడానికి ఏముందని మీరూ నేనూ అనుకుంటాం. కానీ బనగానపల్లె బడిలో వెనక బెంచీ పిల్లలు తను కనబడగానే "టుంగ్ టుంగ్" అని దూదేకే విల్లు చప్పుడు చేసి పడీ పడీ నవ్విన రోజులు అతని కడుపులో అట్లాగే ఉండిపోయాయి. వాళ్ళ నాయనేమన్నా తక్కువ తిన్నాడా? తాలూకాఫీసులో అటెండరు ఉద్యోగం దొరికిన మర్నాడే విల్లును అటక ఎక్కించేశాడు. "ఎవరడిగినా దర్జీలమని చెప్పురా. దూదేకులోళ్ళమని చెప్పి నా పరువు తీయొద్దు" అని కొడుక్కి నూరిపోశాడు. దర్జీపనిలో ఉన్న గొప్పేమిటో, దూదిపనిలో లేనిదేమిటో ఆ అల్లాకే తెలియాలి.

అలాంటి సుభాని 2004లో, ముప్పై ఏళ్ళ వయసులో, షవల్ అనే మట్టి తవ్వే యంత్రం నడిపే పని మీద సౌదీకి వచ్చి రాబిగ్‌లో దిగాడు. ఊరు తను ఎంచుకున్నది కాదు. ఏజెంటు ఇచ్చిన కాగితం మీద ఆ పేరు చూసి ఇంట్లో చదివి వినిపించగానే జేజి తాజున్నీసా, అంటే వాళ్ళ నాయనమ్మ, గోడ పట్టుకుని నేల మీద కూలబడింది.

ఎందుకంటే ఆ పేరు ఆ ఇంట్లో యాభై ఏళ్ళుగా నలుగుతున్న పేరు. 1952లో బనగానపల్లె తోళ్ళ వ్యాపారి ఒకాయన హజ్‌కు పోతూ, చేతికింద మనిషి కావాలని సుభాని తాత మౌలా సాహెబును వెంటబెట్టుకుని బొంబాయిలో ఓడెక్కాడు. తిరిగొచ్చింది వ్యాపారి ఒక్కడే. మదీనా పోయే దారిలో జ్వరమొస్తే రాబిగ్‌లో వదిలేసి వచ్చానన్నాడు. ఏడాది తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. "బాగున్నాను. రాబిగ్ దగ్గర సముద్రం ఒడ్డున ఊళ్ళో ఉన్నాను. దారి దొరకగానే వస్తాను." అంతే. ఆ తర్వాత ఉత్తరమూ లేదు, మనిషీ లేడు. అప్పటికి తాజున్నీసాకు ఇరవై ఏళ్ళు, చంకలో పిల్లాడు.

ఏటా షబే బరాత్ రోజున హల్వా ముందు పెట్టుకుని ముల్లా ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా చదివి ఫాతెహా ఇచ్చేవాడు. మౌలా సాహెబ్ పేరు దగ్గరికి రాగానే జేజి చెయ్యి అడ్డం పెట్టేది. "ఆ పేరు చదవొద్దు. సచ్చినాడని ఎవురు చూసొచ్చినారు?" అనేది. అటు బతికున్నవాళ్ళలో లెక్క కాదు, ఇటు పోయినవాళ్ళలో చేరడు. యాభై ఏళ్ళు ఆ మనిషిని ఆమె అట్లా గడప మీదే నిలబెట్టి ఉంచింది. ఇప్పుడు ఆమెకే డెబ్బై దాటాయి. సుభాని బయలుదేరే రోజు వాడి గడ్డం పట్టుకుని బతిమాలింది.

"నేను పోయేలోపల తెలుసుకోనిరా నాయనా. ఉండాడా, పోయినాడా. పోయింటే యాడ పండబెట్టినారో చూసిరా. ఆయప్ప పేరు చదివిచ్చి నేనూ పోతా."

సుభాని సరేనన్నాడు. సరేనని మరిచిపోయే రకం కాదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

రెండేళ్ళు రాబిగ్ బజార్లో, మసీదుల్లో, చేపల మార్కెట్లో అడుగుతూనే ఉన్నాడు. ఫలితం సున్నా. 2006లో అతని కాంట్రాక్టరుకు కొత్త పని దొరికింది. రాబిగ్‌కు కొంచెం దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరిని చదును చేయాలి. పట్నంలో కొత్త ఇళ్ళు కట్టిచ్చారు, జనం ఒక్కొక్కరే తరలిపోతున్నారు. సముద్రంలోంచి తీసిన తెల్లటి రాళ్ళతో, మట్టితో కట్టి పైన ఖర్జూరపు దుంగలు పరిచిన ఇళ్ళవి. ఖాళీ అయిన ఇంటి మీద ఎర్ర రంగుతో నంబరు వేస్తారు. నంబరు పడ్డ ఇంటిని సుభాని పడగొడతాడు. ఆ రాళ్ళను రాజేశం అనే తోటి డ్రైవరు డంపర్లో ఎత్తుకుపోయి పారబోస్తాడు.

సముద్రం ఒడ్డు ఊరు! సుభాని గుండె ఎగిరి గంతేసింది. గంతేసి మళ్ళీ చతికిలబడింది. తాత ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంటే, తను దాన్ని వెతకాలి, తనే పడగొట్టాలి. అందుకని ఒక నోటుబుక్కు కొన్నాడు. ప్రతి ఇంటికీ బొమ్మ గీసి, పక్కన ఎవరిదో రాసుకునేవాడు. సామాను సర్దుకుని పోతున్న మగవాళ్ళను ఆపి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగేవాడు. ఇండియావాళ్ళను అక్కడ హిందీ అంటారు. "ఇక్కడ మౌలా సాహెబ్ అని హిందీ మనిషి ఉండేవాడా? దర్జీ?"

విన్నారా? దర్జీ! జేజి కోసం వెతుకుతున్నాడు, దేశంగాని దేశంలో వెతుకుతున్నాడు, వెతికే మనిషికి గుర్తుగా చెబుతున్నది మాత్రం వాళ్ళ నాయన నేర్పిన అబద్ధం. మౌలా అని మనిషికి పేరు పెట్టుకుంటారా, అది దేవుడికి చెల్లే మాట అని ఒక పెద్దాయన కసురుకున్నాడు. హిందీ దర్జీ ఎవడూ ఇక్కడ లేడని మిగతావాళ్ళు తేల్చేశారు.

రాజేశానికి ఇది మింగుడుపడేది కాదు. జగిత్యాల మనిషి, సుభానితో ఒకే గదిలో ఉండేవాడు.

"ఏంది భాయ్, మీ తాత దర్జీ అంటివి. దర్జీ అన్నంక ఊరందరి కొలతలు దీస్తడు గద. ఒక్కడన్న గుర్తువట్టడేంది?"

"యాభై ఏండ్ల నాటి మాటప్పా. ఎవురికి గుర్తుంటాది?"

"నీకు యాదున్నది గద మరి."

సుభాని అటు తిరిగి పడుకున్నాడు. పక్కవాడితోనైనా నిజం చెప్పవచ్చు కదా. చెప్పలేదు. రాజేశం కూడా "టుంగ్ టుంగ్" అంటాడేమోనని భయం.

చలికాలం వచ్చేసరికి ఆ వీధిలో ఎండిపోయిన బావి పక్కన ఒక్క ఇల్లు మిగిలింది. అందులో ఒక విధవ ఉండేది. యాభై పైబడి ఉంటుంది, పిల్లల్లేరు. చుట్టుపక్కల ఇళ్ళు తన కళ్ళ ముందు కూలుతుంటే ఆమె చేసిన పనేమిటో తెలుసా? కూల్చేవాళ్ళకు రోజూ ఫ్లాస్కులో చాయ్ పంపేది. పంపేదంటే మనిషెవరూ లేరు, తనే గోడ మీద పెట్టి, తలుపు చాటు నుంచి పిలిచేది. ఆడవాళ్ళతో మాటలు పెట్టుకుంటే పంపించేస్తానని ఫోర్‌మన్ ముందే హెచ్చరించాడు. సుభాని తల దించుకుని పోయి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. తల దించుకునే తిరిగి పెట్టేవాడు. అందరినీ అడిగినట్టు ఆమెనొక్కదాన్నే అడగలేదు.

అడగలేదు గానీ, ఆమే అడిగింది.

"ఏ దేశం నాయనా?" అంది ఒక రోజు తలుపు చాటు నుంచి.

"హింద్."

"మీ దేశంలో మీవాళ్ళు ఏం పని చేసేవాళ్ళు?"

పక్కనే రాజేశం చాయ్ తాగుతున్నాడు. సుభాని నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "దర్జీలం" అన్నాడు.

ఆమె రాజేశాన్నీ అదే అడిగింది. వాడికి అరబ్బీలో గీత కార్మికుడు అనడం రాలేదు, వచ్చినా ఆ దేశంలో కల్లు మాట ఎత్తడం మంచిది కాదు. "చెట్లెక్కుతం అమ్మా, చెట్లు" అని చేతులతో చెట్టెక్కి చూపించాడు. ఆమె నవ్వింది. నవ్వి తలుపు వేసుకుంది.

పది రోజుల తర్వాత జిద్దా నుంచి ఆమె తల్లివైపు బంధువులు కారు తెచ్చుకుని వచ్చారు. పోతూ పోతూ ఆమె తలుపుకు తాళం వేసింది. పడగొట్టబోయే ఇంటికి తాళమేమిటని ఫోర్‌మన్ నవ్వాడు. ఆ ఇల్లు నేలమట్టం చేయడానికి సుభానికి రెండు గంటలు కూడా పట్టలేదు. నోటుబుక్కులో "బావి పక్కన ఇల్లు, ముసలామె, పేరు తెలీదు" అని రాసుకుని పక్క వీధిలోకి పోయాడు.

మూడు నెలలకు అబ్దుల్ వహాబ్ అనే పెద్దాయన ఇల్లు వంతు వచ్చింది. కొడుకులు పనికొచ్చేదంతా ముందే తీసుకుపోయారు, మిగిలిన చెత్తను రాజేశం డంపర్లో వేస్తున్నాడు. ఒక పాత పరుపు ఎత్తబోతుంటే పెద్దాయన చేతికర్ర ఊపుతూ అడ్డం వచ్చాడు. అది నా పెళ్ళి పరుపు, దాని మీద చెయ్యి వెయ్యొద్దని కేకలు. గొడవేమిటో చూద్దామని సుభాని షవల్ దిగాడు. దిగి, పరుపును ఇటు తిప్పమని పట్టుకున్నాడు.

పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. అంచు వెంబడి దూదిని గుండ్రంగా చుట్టి, వేలెడు దూరానికి ఒక కుట్టు, లోపలికి మడిచి ముడి. చిన్నప్పుడు జేజి పక్కన కూర్చుని అతను వేసింది ఆ కుట్టే. గుడ్డ చిరిగిన చోట వేలు పెట్టి చూశాడు. అన్నేళ్ళయినా దూది ఉండకట్టలేదు.

"బాగా ఏకినాడు" అన్నాడు తనలో తను. తర్వాత అరబ్బీలో, ఎవరు వింటున్నారో చూసుకోకుండా, "ఇది మా ఇంటి పని. మేము దూదేకేవాళ్ళం" అన్నాడు.

అబ్దుల్ వహాబ్ కర్ర దించాడు. సుభానిని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

సుభాని మళ్ళీ చెప్పాడు. పెద్దాయన అక్కడే రాళ్ళ కుప్ప మీద కూర్చుండిపోయి ఉన్నదంతా చెప్పాడు.

హజ్‌కు వచ్చి జ్వరంతో పడిపోయిన హిందీ మనిషిని ఈ ఊరి జాలరివాళ్ళు ఎత్తుకొచ్చి బతికించారు. కాగితాలన్నీ షావుకారు దగ్గరే ఉండిపోయాయి, తిరిగిపోయే దారి మూసుకుపోయింది. ఒక విల్లు చేసుకుని ఈ ఒడ్డున ఉన్న ఇళ్ళన్నిటికీ దూదేకి పరుపులు కుట్టాడు. మౌలా అనే పేరు వద్దని ఊరివాళ్ళే అబ్దుల్లా అని పెట్టారు. ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఒక్క కూతురు, హఫ్సా. పోయి ముప్పై ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ హజ్ రోజుల్లో రోడ్డు మీదికి పోయి హిందీవాళ్ళ బస్సులు ఆపి తన ఊరివాళ్ళున్నారా అని అడిగేవాడు. పోయేముందు కూతురికి ఒక మాట అప్పగించాడు. "పేర్లు మారతాయమ్మా, నా పేరే మారింది. పని మారదు. హింద్ నుంచి ఎవరొచ్చినా మీవాళ్ళేం పని చేస్తారని అడుగు. దూదేకుతామని చెప్పినవాడు మనవాడు. దారి దొరకలేదు గానీ మరిచిపోలేదని నా మాటగా చెప్పు."

"ఆ అమ్మాయి ముప్పై ఏళ్ళు కనబడిన ప్రతి హిందీవాణ్ణీ అడిగింది. బావి పక్కన ఉండేది. మీకు చాయ్ ఇచ్చేది కదా?" అన్నాడు అబ్దుల్ వహాబ్.

"ఇప్పుడు యాడుంది?" అని సుభాని తెలుగులోనే అడిగేశాడు. తర్వాత తేరుకుని అరబ్బీలో అడిగాడు.

"జిద్దాలో నలభై రోజులు కూడా బతకలేదు. అక్కడే పూడ్చారు."

రాజేశం ఇదంతా వింటూనే ఉన్నాడు. టుంగ్ టుంగ్ అనలేదు. "నాకన్న చెప్తే అయిపోవు గదర భాయ్. చెట్లెక్కెటోన్నని నేను చెప్పలే? నా తలకాయ వోయిందా?" అన్నాడు.

సాయంత్రం అబ్దుల్ వహాబ్ శ్మశానం చూపించాడు. వరసలుగా రాళ్ళున్నాయి, ఏ రాయి మీదా పేరు లేదు. ఆ మూల ఎక్కడో అని పెద్దాయన చెయ్యి చాపాడు. సుభాని ఆ మూలకు తిరిగి నిలబడి ఫాతెహా చదువుకున్నాడు.

శుక్రవారం ఇంటికి ఫోన్ చేశాడు. కూతురి సంగతి చెప్పొద్దని, ముసలిదాని గుండె పగులుతుందని రాజేశం ముందే చెప్పి పంపాడు. సుభాని కూడా అదే అనుకున్నాడు. భార్య జబీ ఫోన్ తీసుకుపోయి జేజి చెవి దగ్గర పెట్టింది.

"జేజీ, తాత జాడ తెలిసింది."

"ఉండాడా?"

"లేడు జేజీ. ముప్పై ఏండ్లాయె. దారి దొరకలేదంట గానీ మరిచిపోలేదని చెప్పినాడంట."

"కడాన నీళ్ళు పోసేదానికి ఎవురన్నా ఉన్నింటిరా? ఒంటిగానే పోయినాడా నాయనా?" అంది జేజి.

ఆ మాటకు సుభాని తట్టుకోలేకపోయాడు. "ఒంటిగా కాదు జేజీ. ఈడ పెండ్లి చేసుకున్న్యాడు. ఒక కూతురుండె, హఫ్సా అని" అనేశాడు. అని, తిట్ల కోసం కళ్ళు మూసుకున్నాడు.

తిట్లు రాలేదు.

"కూతురా!" అంది జేజి. గొంతులో పడుచుదనం వచ్చింది. "మీ నాయనకు చెల్లెలా! ఆ బిడ్డకు ఫోనియ్యి అబ్బీ. నాకు అరబ్బీ రాకున్నా ఏం గాదు, గొంతన్నా వింటా. ఇయ్యి."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సుభాని మొత్తం చెప్పాడు. ఇల్లు, బావి, చాయ్, జిద్దా, హిందీవాళ్ళందరినీ ఆమె ముప్పై ఏళ్ళు అడిగిన మాట. అంతా విన్నాక జేజి నెమ్మదిగా అడిగింది.

"నిన్నూ అడిగిందా?"

"అడిగింది జేజీ."

"నువ్వేం చెప్పినావు?"

జేజి మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది.

"దర్జీలమని చెప్పినా."

అవతల ఏదో కదిలిన చప్పుడైంది, ఫోన్ చేతులు మారింది. జబీ గొంతు వినబడింది, కంగారుగా.

"ఏమైంది? జేజి ఫోన్ నా చేతిలో పెట్టి గోడపక్కకు తిరిగి పండుకునింది. పిలిస్తే పలకదు. ఏం చెప్పినారు మీరు?"