జాబ్రియా ల్యాబ్‌లో రెండో గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. విజయవాడలో మా పిన్ని మొదలుపెట్టిందంటే చాలు, "ఆధారం ఏది పిన్నీ?" అని నోరు మూయించేదాన్ని. జన్యుశాస్త్రంలో డాక్టరేట్ చేసినదాన్ని, రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

కువైట్ వచ్చి ఆరేళ్లయింది. జాబ్రియాలో ఒక విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో పని. గర్భాలు పదేపదే ఎందుకు పోతాయో హైదరాబాద్‌లోని మరో విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధిస్తున్నాం. ఇక్కడివాళ్లు బాబాయి పిల్లల్ని చేసుకుంటారు, మన దగ్గర మేనరికాలు. దగ్గరి రక్తం కలిసినచోట తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపం దాక్కుని ఉండే అవకాశం ఎక్కువ.

రెడ్డెమ్మ మా దగ్గరికి అలాగే వచ్చింది. రాయచోటి పక్క పల్లె. ల్యాబ్‌కి నాలుగు వీధుల అవతల ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. భర్త వెంకటరమణ ఆమెకు సొంత మేనమామ, అదే ఇంట్లో డ్రైవర్. మూడు కాన్పులు పోయాయి. మూడోది ఇక్కడే, ఆరో నెలలో. ఆ బిడ్డ నమూనా మా దగ్గర దాచి ఉంది. ఇప్పుడు మళ్లీ మూడో నెల. ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడి పనివాళ్ల మాటలో 'మామా', స్వయంగా కారులో తీసుకొచ్చింది.

"ఇది గూడా అట్లాంటిదే అయితే ఇప్పుడే చెప్పేయండి మేడం, తీయించుకుంటా. కడుపులో తన్నినాక పోగొట్టుకునేది ఇంక నా చేత గాదు" అంది రెడ్డెమ్మ.

ఆమె ఏడవలేదు.

భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపం ఉందని రక్తపరీక్షలో అప్పటికే తేలింది. అలాంటప్పుడు ప్రతి కాన్పుకూ ప్రమాదం నాలుగో వంతు, మిగతాదంతా ఆశే. ఈ బిడ్డ ఏ వైపో హైదరాబాద్ వాళ్లు తేల్చాలి. డాక్టరు కడుపులోని బిడ్డ మాయ నుంచి చిన్న ముక్క తీసి ఇచ్చారు. దానితోపాటు తల్లిదీ తండ్రిదీ, మేం ఎన్నడూ పరీక్షించని ఆ పోయిన బిడ్డదీ నమూనాలు సిద్ధం చేశాం.

ఇవి నాలుగు బుల్లి ట్యూబులు అతుక్కుని ఉండే పట్టీలో ఉంటాయి. పేరు రాయడానికి చోటుండదు కాబట్టి వరుసే గుర్తు. మొదట పోయిన బిడ్డ, తర్వాత తండ్రి, తల్లి, చివర కడుపులో బిడ్డ. పట్టీ నింపింది హనాన్, ఈజిప్టు అమ్మాయి, ఆ వారమే చేరింది. వాటిని పేర్లు అంటించిన సీసాల్లోకి మార్చి పంపాలి.

మార్చేటప్పుడు మాకో నియమం. ఒకరు పైకి చదవాలి, రెండోవారు చూసి "సహ్", అంటే సరే, అనాలి. ఆ మాట వినపడందే చెయ్యి కదలకూడదు.

ఆ రోజు గురువారం. ఒంటిగంటకు కొరియర్ వస్తాడు, తప్పితే శుక్ర, శని రెండు రోజులూ సెలవు. హనాన్ మధ్యాహ్నం నమాజుకు వెళ్లింది. నాలుగు ట్యూబులకు సాక్షి ఎందుకులే అనుకున్నాను. పదేళ్లుగా చేస్తున్న పని కదా అని పొగరు. అలవాటు కొద్దీ "ఒకటి, పోయిన బిడ్డ" అని పైకే చదివి పైపెట్ దించబోయాను.

"లా."

అరబ్బీలో 'కాదు' అని అర్థం. ఆడగొంతు, నా కుడిభుజం పక్కనే. కోపం లేదు, తొందర లేదు.

హనాన్ వచ్చేసిందనుకుని, తల ఎత్తకుండానే మళ్లీ చదివాను. మళ్లీ "లా". ఈసారి చిర్రెత్తి, "ఏంటి తల్లీ, ఏమొచ్చిందిప్పుడు?" అని తెలుగులోనే కసురుతూ తిరిగాను. ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది.

పైపెట్ పక్కన పెట్టి కూర్చుండిపోయాను. భయమేసింది, దాచడమెందుకు?

పావుగంటకు హనాన్ వచ్చింది. ఏమీ చెప్పకుండా ఎడమ చివరి ట్యూబు చూపించి "ఒకటి" అన్నాను. ఆమె నవ్వేసింది. "అటు కాదు డాక్టర్, ఇటు" అంటూ కుడి చివర చూపించింది. చిన్నప్పటి నుంచి కుడి నుంచి ఎడమకు రాసే మనిషి, పట్టీ కూడా అలాగే నింపింది. నేను ఎడమ నుంచి చదివాను. ఇంకోలా చేసేవాళ్లుంటారన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు.

వరుస తిరగబడితే తల్లీ తండ్రీ తారుమారవుతారు. ఇద్దరిలోనూ ఒకే లోపం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ పోయిన బిడ్డ ఫలితం కడుపులో బిడ్డ పేరు మీద వచ్చేది. రెడ్డెమ్మ అన్నంత పనీ చేసేది.

తర్వాత ఆధారాలు వెతికాను, పద్ధతి ప్రకారమే. తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. హనాన్ వెళ్లడానికీ రావడానికీ మధ్య ఎవరూ తెరవలేదు. కెమెరాలో నేనొక్కదాన్నే ఉన్నాను, కుడివైపు తిరిగి గాలిని తిడుతున్నాను. ఫోన్ బయట లాకర్‌లో ఉంది. నా మనసే హెచ్చరించిందంటారా? హనాన్ ఎటు నుంచి నింపిందో నా మనసుకు తెలియదు. నేను ఎటు నుంచి చదువుతున్నానో హనాన్‌కు తెలియదు. రెండూ తెలిసిన మనిషెవరూ ఆ గదిలో లేరు.

నా తప్పు రెండు విశ్వవిద్యాలయాలకూ రాసి పంపాను. గొంతు సంగతి మాత్రం రాయలేదు. ఇప్పుడు రెండుచోట్లా మొదటి ట్యూబు మూతపై నల్లచుక్క పెడుతున్నారు.

ఫలితం వచ్చింది. పోయిన బిడ్డను తీసుకెళ్లింది ఆ లోపమే. కడుపులో బిడ్డకు మాత్రం గండం లేదు. రెడ్డెమ్మ అప్పుడు ఏడ్చింది, మామాను వాటేసుకుని, పెద్దగా. నేనూ ఏడ్చాను.

పాప పుట్టాక ఆసుపత్రికి వెళ్లాను. బొద్దుగా, గుక్కపట్టి ఏడుస్తోంది. మనసు ఆగక భార్యాభర్తలిద్దరికీ జరిగిందంతా చెప్పేశాను. నా తప్పుతో, ఆ గొంతుతో సహా. తిడతారనుకున్నాను.

"మిమ్మల్ని ఆపిన ఆయమ్మ పేరేంది మేడం? పాపకు పెట్టుకుంటాం" అంది రెడ్డెమ్మ.

వెంకటరమణ చేతిలో జనన ధ్రువపత్రం ఫారం ఉంది. పేరు రాసేచోట పెన్ను ఆనించి నా వైపే చూస్తున్నాడు.

"తెలియదయ్యా" అన్నాను. ఇంత చదువూ చదివి నేను చెప్పగలిగింది అదొక్కటే.