సైడ్ ఇవ్వని వంశం

మా ముత్తాతగారు గోదావరి కాలవల కింద ఏడు గ్రామాలకు జమీందారు. ఆయనకు కలెక్టరు కచేరీలో కుర్చీ ఉండేది. ఈ మాట ఇప్పటివాళ్ళకు చప్పగా వినిపిస్తుంది కనుక వివరంగా చెబుతున్నాను. ఆ రోజుల్లో దొర ఎదుట కూర్చునే మర్యాద జిల్లాలో చాలా కొద్దిమందికే దక్కింది. మిగిలినవారు ఎంత ఆస్తి ఉన్నా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ముత్తాతగారు కూర్చునేవారు గాని, కుర్చీ వెనక పలకకు వీపు ఆనించేవారు కాదట. ఆనితే ఇచ్చినవాడి దయ మీద ఆనినట్టేనని ఆయన అభిప్రాయం.

ఆయన కుమారుడు, మా తాతగారు, తాలూకాలో మొట్టమొదటి మోటారు సైకిలు తెప్పించారు. అమెరికాలో తయారై, ఓడలో కాకినాడ రేవుకు వచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద మా ఊరు చేరింది. ఊళ్ళో దాన్ని పటపట బండి అనేవారు. తాతగారు దాని మీద కూడా కచేరీ కుర్చీలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చునేవారు. ఒకనాడు కాలవ గట్టు మీద వెళుతుండగా వెనక కలెక్టరు కారు వచ్చి హారన్ కొట్టింది. తాతగారు సైడ్ ఇవ్వలేదు. గట్టు పొడవు రెండు మైళ్ళు. దొరగారు ఆ రెండు మైళ్ళూ తాతగారి దుమ్ము తిన్నారు. నెల తిరగకుండా తండ్రి నుంచి వచ్చిన కచేరీ కుర్చీ పోయింది. దాని గురించి తాతగారు విచారించినట్టు ఎవరూ చూడలేదు.

మనది సైడ్ ఇచ్చే వంశం కాదు అనే మాట నేను అన్నం ముద్దలతో పాటు తిన్నాను. పీట మీద కూర్చుని వీపు వంచితే నాన్నగారు వేలి కణుపుతో వెన్నెముక మీద ఒక్కటి తట్టేవారు. గట్టిగా కాదు, గుర్తు చేయడానికి. ఆ ఏడు గ్రామాల్లో నా వాటాకు ఒక్క సెంటు భూమి రాలేదు. వీపు మాత్రం వచ్చింది.

ఆ వీపు నాకు ఎందుకు పనికి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేనిప్పుడు ఉంటున్నది అమెరికాలోని అరోరాలో. అక్కడ మా వీధి చివర ఒక డాక్టరుగారు ఉంటారు. కరీంనగర్ వైపు మనిషి. ఇరవై ఏళ్ళ స్నేహం కనుక నన్ను మా జమీందారు అని వెక్కిరించే హక్కు ఆయనకు ఉంది. ఆయన కూతురు ఇక్కడే పుట్టింది, సైకిలు పందేల్లో పాల్గొనేది. 2008 వేసవిలో, మెడికల్ స్కూల్‌కి వెళ్ళేముందు అదే తనకు చివరి సీజన్ అని చెప్పింది. ఒక గురువారం సాయంత్రం డాక్టరుగారు నన్ను ఆ పందేలు చూడడానికి తీసుకువెళ్ళారు.

మా ఇంటి నుంచి గంట ప్రయాణం. సైకిళ్ళ కోసమే కట్టిన సిమెంటు బాట, కోలగా ఉంటుంది. మలుపుల్లో గిన్నె అంచులా పైకి లేస్తుంది. మెట్ల మీద కూర్చున్న జనం హాట్‌డాగులు తింటూ, వెనక మెట్టుకు మోచేతులు ఆనించి చూస్తున్నారు. నేను నాకు తెలిసినట్టు కూర్చున్నాను.

ఆ సాయంత్రం చివర ఒక వింత పందెం జరిగింది. ప్రతి సైకిలు ముందు ఒక మోటారు సైకిలు. దాని మీద ఒక మనిషి కర్రలా నిటారుగా కూర్చుని నడుపుతున్నాడు. సైకిలు ఆ మోటారు చక్రానికి జానెడు దూరంలో, దాదాపు అంటుకుని పోతోంది. ముందున్న మనిషి వీపు గాలిని చీలుస్తుంది. ఆ చాటున సైకిలు మామూలుగా ఎప్పటికీ అందుకోలేని వేగంతో పోతుంది. ఆ ముందు మనిషిని ఇక్కడ పేసర్ అంటారు.

పందెం అయ్యాక ఒక ముసలాయన మెట్లెక్కి తిన్నగా నా దగ్గరకు వచ్చాడు. డెబ్బై దాటిన తెల్లాయన, జీవితమంతా లారీలు బాగుచేసి రిటైరయిన మెకానిక్. డాక్టరుగారి అమ్మాయికి పేసర్ ఆయనే. తుంటి ఎముక ఆపరేషన్ దగ్గరపడింది, సెప్టెంబరులో జరిగే చివరి పెద్ద పందేనికి తను బండెక్కలేడు, పేసర్ లేకపోతే అమ్మాయికి పందెమే లేదు. రెండు గంటలుగా నన్ను చూస్తున్నాననీ, ఒక్కసారి కూడా వెనక్కి వాలలేదనీ అన్నాడు. మోటారు సైకిలు నడపడం వచ్చా అని అడిగాడు.

కాలేజీలో నడిపాను, ఇక్కడ లైసెన్స్ కూడా ఉంది అన్నాను. ఆగలేక తాతగారి సంగతి కూడా చెప్పాను. అమెరికా బండి అనగానే ముసలాయన ముఖం వెలిగింది. ఏ సంవత్సరం, ఎన్ని సిలిండర్లు, బెల్టుతో నడిచేదా, చెయిన్‌తోనా అని అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఇంకా నడుస్తుందా అని అడిగాడు. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఎన్నడూ అశ్రద్ధ చేయలేదు అన్నాను. అది నిజమే. అడిగిన దానికి జవాబు మాత్రం కాదు.

ఆయన బదులు నడపడానికి ఒప్పుకున్నాను. తర్వాతి రోజుల్లో బాట పక్కన బండ్లు ఉంచే షెడ్డులో ఆయన చెప్పగా ఈ విద్య చరిత్ర తెలిసింది. ఒకప్పుడు అమెరికాలో సైకిలు పందేలకు జనం విరగబడేవారట. వేగం కోసం ముందు ఇద్దరు తొక్కే సైకిళ్ళు పెట్టారు, తర్వాత ముగ్గురివి, చివరికి అయిదుగురు వరసగా కూర్చుని తొక్కేవి. మనుషులు అలసిపోతారు కనుక ఎవరో సైకిలుకే ఇంజను బిగించారు. అలా పందెం సైకిలు ముందు గాలికి అడ్డంగా పరుగెత్తడానికి చేసిన బండ్లు రోడ్డుకెక్కి తొలి మోటారు సైకిళ్ళలో కొన్ని అయ్యాయి. వాటిని తయారుచేసినవాళ్ళలో చాలామంది మాజీ సైకిలు పందెగాళ్ళే. తాతగారి బండి ఆ కాలానిదే. అది విన్న రోజు నాకు చాలా తృప్తి కలిగింది. మా తాతగారు గట్టు మీద తెలియకుండా చేసింది ఆ బండి ఏ పనికి పుట్టిందో ఆ పనే.

మొదటి సాధన ఆదివారం ఉదయం. తోలు జాకెట్ వేసుకున్నాను. హెల్మెట్‌లో చెవుల దగ్గర రంధ్రాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. వెనకవాళ్ళ కేక వినడానికి. పేసర్ తల తిప్పి చూడకూడదు. తిప్పితే భుజం కదులుతుంది, భుజం కదిలితే గాలి లోపలికి వస్తుంది. అంతా వినికిడి మీదే.

ఆరు చుట్లు బాగా జరిగాయి. ఏడో చుట్టులో వెనక నుంచి అమ్మాయి గట్టిగా అరిచింది. నేను ఎడమకు జరిగి సైడ్ ఇచ్చాను.

వేగం పెంచమని ఆమె అరుపు. వెనక నుంచి కేక వినబడితే ఎడమకు తప్పుకోవడం మన రోడ్ల మీద నేర్చుకున్న అలవాటు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో కుడివైపున కారు నడిపిన చేతులు ఆ ఒక్క క్షణంలో రాజమండ్రి రోడ్డు మీదికి పోయాయి. నేను తప్పుకోగానే గాలి ఆమె మీద గోడలా పడింది. పడిపోలేదు, అంతవరకు అదృష్టం. సగం చుట్టు వెనకబడి, సైకిలు ఆపి దిగింది.

"అంకుల్, నువ్వు ఎందుకు మూవ్ అయ్యావు? నేను ఫాస్ట్ చెప్పా, మూవ్ చెప్పలేదు."

ముసలాయన ఒక్క మాటే అన్నాడు. ఇంకొకసారి జరిగితే వేరే మనిషిని చూసుకుంటాను, ఆ పిల్ల ఎముకలు నా పూచీ అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నాన్నగారి వేలి కణుపు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు డాక్టరుగారే కారు నడిపారు. కూతురు అలా తూలడం చూసిన తండ్రి ఆయన. అరోరా దగ్గరకు వచ్చాక మాట కదిపారు.

"మీ తాత కలెక్టర్‌కే సైడ్ ఇయ్యలేదంటివి కదనే. మా బిడ్డకి ఎట్ల ఇస్తివి?"

ఆయన నవ్వులాటకే అన్నారు. మూడు తరాల మాట నేను ఏడు చుట్లలో పోగొట్టాను. సెప్టెంబరుకు ఆరు వారాలు ఉంది. ఈలోగా చేతుల్లోంచి ఆ అలవాటు పోకపోతే సీటు పోతుంది, అమ్మాయి చివరి పందెం పోతుంది, ఆ మాట నేను మళ్ళీ నోట పలకలేను.

ఉపాయం అమ్మాయే చెప్పింది. బాట మీద అందరూ ఇంగ్లీషులోనే అరుస్తారు, ఎవరి కేక ఎవరిదో తెలియదు. మనం తెలుగులో పెట్టుకుందాం అంది. వేగం పెంచాలంటే 'పద', తగ్గించాలంటే 'మెల్ల'. రెండూ వాళ్ళ నానమ్మ దగ్గర నేర్చినవే. ఇంకే కేక వినబడినా అది మనది కాదు, కదలకూడదు. మాట తేలికే, చేతులకు నేర్పడం కష్టం. వారానికి మూడు సాయంత్రాలు వెళ్ళాను. డాక్టరుగారు బాట పక్కన మడతకుర్చీ వేసుకుని, నేను ఆయన ముందు నుంచి పోయిన ప్రతిసారీ నోటితో కారు హారన్ మోగించేవారు. నేను జరగకూడదు. మొదటి వారం ఆ మోతకు భుజం ఉలికిపడేది. నాలుగో వారానికి ఆయనకే గొంతు బొంగురుపోయింది.

"నువ్వు కదలవు, నాకు మందులు. ఇగ చాలు తియ్యి."

సెప్టెంబరు ఆదివారం. అరవై చుట్ల పందెం, అయిదు జతలు. తక్కిన నలుగురు పేసర్లూ ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నవాళ్ళు. తుపాకీ మోగగానే ఒక జత మమ్మల్ని దాటి ముందుకు పోయింది, తర్వాత మాకు అందలేదు. మేము రెండో స్థానంలో పడ్డాం. గాలి పడమర నుంచి బలంగా వీస్తోంది. జనం ఎదుట ఉన్న వైపు అది ఎదురుగా వచ్చి గుండె మీద కొడుతోంది. నేను ఇంకొక అంగుళం నిటారుగా లేచి భుజాలు విప్పాను. ఆ అంగుళం ఎక్కడ ఉందో నాకు అంతకు ముందు తెలియదు.

యాభయ్యో చుట్టులో మూడో జత వచ్చింది. ఎర్ర జాకెట్ పేసర్ నా కుడి భుజం దగ్గరకు వచ్చి, ఇంజను మోత పెంచి, గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. తన వెనక ఉన్న రైడరుతో అంటున్నాడో, నన్ను బెదిరిస్తున్నాడో తెలియదు. అరచేతుల్లో పాత దురద లేచింది. ఎడమకు ఒక్క అడుగు జరిగితే చాలు, అతను పోతాడు, ఈ మోత ఆగుతుంది. నేను మా గీత మీదే ఉన్నాను. వెనక నుంచి ఏ మాటా లేదు. మాట లేదంటే ఆమె ఉన్నచోటే ఉంది.

అతను మలుపుల్లో మా కంటే పైనుంచి తిరగాలి కనుక ప్రతి చుట్టులోనూ అతనికి దూరం ఎక్కువ. అయిదు చుట్లు నా భుజం పక్కనే వేలాడాడు. అప్పుడు వెనక నుంచి సన్నగా వినబడింది.

"పద."

వేలెడంత వేగం పెంచాను. అంతకంటే ఎక్కువ పెంచితే ఆమె వెనకబడుతుంది. ఇంకొక చుట్టు తిరిగేసరికి కుడి చెవిలో మోత తగ్గింది, తర్వాత అసలు లేదు. నేను చూడలేదు. చూడవలసిన అవసరం లేదు.

రెండో స్థానం. గెలుపు కాదు, అయినా ఆ సీజన్‌లో ఆమెకు అదే పెద్దది. సైకిలు దిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుని నా దగ్గరకు వచ్చింది.

"అంకుల్, మీ వెనక గాలే లేదు. లైక్, రూమ్‌లో కూర్చున్నట్టు ఉంది."

నాకు ఈ దేశంలో ఉద్యోగంలో రెండు ఫలకాలు ఇచ్చారు. ఆ మాటను నేను వాటి పైన పెడతాను. ముత్తాతగారు విని ఉంటే అర్థం చేసుకునేవారు. డాక్టరుగారు నా చేయి పట్టుకుని ఊపారు. ఏమీ వెక్కిరించలేదు. అది నేను గమనించాను.

ముసలాయన ఊతకర్రతో నడుచుకుంటూ వచ్చాడు. సీటు నీదే, నీ ఇష్టమున్నన్నాళ్ళు నడుపు అన్నాడు. నేను ఆ తర్వాత అయిదు వేసవులు నడిపాను. అప్పుడే ఆయన ఇంకో సంగతి ఎత్తాడు. చలికాలంలో క్లబ్బు హాలులో పాత పేసింగ్ బండ్ల ప్రదర్శన పెడుతున్నారు. మా తాతగారి బండిని ఇండియా నుంచి ఓడలో తెప్పించడానికి క్లబ్బువాళ్ళు సాయం చేస్తారట. అమెరికాలో పుట్టిన బండి, పోయిన దారినే తిరిగి వస్తుంది అన్నాడు. ఆయన ముఖంలో మొదటి రోజు వెలుగే ఉంది. వేసవి అంతా ఆయన దాన్ని మా ఊరి ఇంటి షెడ్డులో, గుడ్డ కప్పి, ఊహించుకుంటున్నాడని నాకు తెలుసు. నేను ఒక్కసారి కూడా ఆ గుడ్డ తీయలేదు.

ఆ మధ్యాహ్నం నా సొంత వీపుతో సంపాదించిన సీటు ఒకటి ఉంది. అందుకే చెప్పగలిగాను. కచేరీ కుర్చీ గురించి, గట్టు గురించి చెప్పినదంతా నిజమే, ఈ ఒక్కటీ నేను చెప్పలేదు అన్నాను. జమీందారీ రద్దయిన మరుసటి ఏడు మా నాన్నగారు తాతగారి మోటారు సైకిలును పక్క ఊరి పిండిమర ఆసామికి అమ్మారు. ఆయన ఇంజను విప్పి మరకు బిగించుకున్నాడు. చక్రాలూ, సీటూ, హారనూ పాత ఇనుము కింద తూకానికి పోయాయి.