నాకు నేనే తమ్ముణ్ణయిన రోజు

పరువు పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. నేను మాత్రం ఎవరూ తొక్కని దారి పట్టాను. నిండు సభలో, మైకు ముందు, నాకు నేనే తమ్ముణ్ణయ్యాను. ఎట్లాగో చెబుతాను, నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. జమ్మలమడుగులో ఎలిమెంటరీ స్కూలు పంతులుని. మాది పులివెందుల పక్క పల్లె, మేకలు కాచుకునే ఇల్లు. మా వంశంలో కలం పట్టినవాణ్ణి నేనే. అంతకుముందు అందరూ పట్టింది కర్రే. తల్లి చచ్చిన మేకపిల్ల మీద ఒక కథ రాసి వారపత్రికకు పంపితే వాళ్లు పొరపాటున అచ్చేశారు. పొరపాటున అన్నది నా గట్టి నమ్మకం. సంగతి తెలుసుకుని పోలీసుల్ని పంపుతారేమోనని నెల్లాళ్లు భయపడ్డాను.

పోలీసులు రాలేదు గానీ ప్రొద్దుటూరు నుంచి కార్డు వచ్చింది. అక్కడి గ్రంథాలయం వార్షికోత్సవంలో ఈ కథ రాసిన వాడికి సన్మానమట.

బస్సు దిగేసరికి గ్రంథాలయ కార్యదర్శి, రిటైరైన గుమాస్తా, పూలదండతో నిలబడి ఉన్నాడు. నన్ను దాటుకుని పోయి, నా వెనక దిగిన కళ్లద్దాల పెద్దమనిషికి దండ వేయబోయాడు. ఆయన తాను ఎద్దుల బేరానికొచ్చానని చెప్పి తప్పుకున్నాడు. అప్పుడు కార్యదర్శి నన్నడిగాడు, "రచయితగారు యాడప్పా?"

రచయితంటే ఆ కళ్లద్దాల మనిషిలా ఉండాలని నాకూ అనిపిస్తూనే ఉంది. మాట జారింది. "మా అన్నకు జరం సార్. నేను తమ్ముణ్ణి."

వెనక్కి పంపుతారనుకున్నాను. తీసుకుపోయి వేదిక మీద కూర్చోబెట్టారు. అన్నగారి గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు గదా, నేను అతకడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. మా అన్న కాశీలో చదివాడన్నాను. సంస్కృతంలోనే కలలు కంటాడన్నాను. మేక ఎదురైతే ముక్కు మూసుకుంటాడని కూడా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. లేని అన్న మీద నాకే అసూయ పుట్టింది.

ముందు వరసలో కంబళి కప్పుకున్న ముసలాయన ఒకడు లేచాడు. మనమరాలు కథ చదివి వినిపిస్తే, రాసినవాణ్ణి చూద్దామని మా పులివెందుల వైపు గండి దగ్గర పల్లె నుంచి వచ్చాడట.

"అబ్బీ, ఆ కథలో అవ్వ మేకపిల్లకు ఉప్పునీళ్లు పూసి, బిడ్డ చచ్చిన మేక కాడ వదుల్తాది. అది నాకి నాకి దాన్ని దగ్గరికి తీసుకుంటాది. ఆ సంగతి కొట్టంలో పెరిగినోనికే తెలుస్తాది. ముక్కు మూసుకునే మీ అన్నకు యాడ తెలుస్తాది? యెవురిదో కొట్టేసినాడు."

సభలో గుసగుసలు. కార్యదర్శి ముఖం మాడిపోయింది. అన్నను వెనకేసుకు రాబోయాను గానీ, మా అవ్వ కళ్లముందు నిలిచింది. ఆ రోజు ఆమె పక్కన ఉప్పునీళ్ల చెంబు పట్టుకున్నది నేను. ఆ నాలుగు పేజీల కోసం ఎన్ని కాగితాలు చింపానో నాకు తెలుసు. దొంగ అనే మాట ఆ లేని అన్నకు తగల్లేదు, నాకే తగిలింది.

"కొట్టేసింది కాదు పెద్దాయనా," అన్నాను. "చెంబు పట్టుకున్నది నేను. చూసింది నేను. రాసింది నేనే."

ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, శానా నిదానంగా అడిగాడు.

"అట్లయితే జరం యెవురికప్పా?"

ఆ నవ్వుకు పందిరి గుంజలు ఊగాయంటే అతిశయోక్తి గానీ, కార్యదర్శి కుర్చీలోంచి జారింది మాత్రం నిజం. ముసలాయన నవ్వలేదు. కథ నా నోటితో చదవమన్నాడు. చదివాను. రెండో పేజీ నుంచి కాగితం చూడకుండానే చెప్పుకుపోయాను. ఉప్పునీళ్ల దగ్గరికొచ్చేసరికి ఆయన కంబళి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ తర్వాత నాకు పోలీసుల భయం కలగలేదు.

కాబట్టి పెద్దలారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను రాసినదానికి, బాగున్నా బాగులేకున్నా, నేనే పూచీ. మా అమ్మ కన్నది నన్నొక్కణ్ణే. ఆమెను అడక్కుండా ఆ ఇంట్లో ఇంకో కొడుకును పుట్టించను.