తెగిన లైన్లో వచ్చిన ఫోన్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చీకట్లో ఏదో కదిలిందని ఎవరైనా అంటే లైటు వేసి చూపించే రకాన్ని. ఇది కూడా దయ్యం సంగతి కాదు. మరేమిటో చెప్పలేను.

తొంభైల మొదట్లో ఒమాన్‌లోని ఇబ్రాలో, ఇళ్ల సామాన్లు అమ్మే కంపెనీలో అకౌంటెంటుగా ఉండేవాణ్ణి. మాది కరీంనగర్ వైపు. చేతిరాత పద్దులే తెలిసిన నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని నేర్పింది కడప రహమతుల్లా భాయ్. ఆయన గుండె ఆపరేషన్ కోసం దేశం వెళ్లడంతో, ఆ ఏడాది ముగింపు పద్దులు నా ఒక్కడి మీద పడ్డాయి. తేడా వస్తే వీసా రద్దు చేసి పంపిస్తానని మా యజమాని ముందే చెప్పాడు.

మధ్యాహ్నం షాపు మూసి అందరూ భోజనాలకు వెళ్లారు. తరుగుదల, రావలసిన బిల్లులు, అన్ని ఎంట్రీలూ వేశాను. ఇక సంవత్సరం మూసేయమని మీట నొక్కడమే మిగిలింది. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏం నాయనా, ఫ్లాపీల్లోకి కాపీ తీసుకుంటివా?"

రహమతుల్లా భాయ్ గొంతే.

"లేదు భాయ్. ముందుగాల క్లోజింగ్ చేస్తున్న."

"ముందు కాపీ తియ్యి. తర్వాత మూద్దువులే."

ఒంట్లో ఎలా ఉందని అడిగేలోగా పెట్టేశారు. చెప్పినట్టే కాపీ తీసి, మీట నొక్కాను. క్లోజింగ్ సగంలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే, ఏడాది లెక్కల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. ఫ్లాపీల్లోంచి అన్నీ మళ్లీ ఎక్కించి, సాయంత్రానికి సంవత్సరం మూశాను.

భాయ్‌కి చెబుదామని ఫోన్ ఎత్తాను. చప్పుడు లేదు.

"ఫోన్ తో కల్ సే బంద్ హై," అన్నాడు స్టోర్‌కీపర్. రోడ్డు తవ్వకంలో నిన్ననే వైరు తెగిందట.

బజారులోని బూత్ నుంచి కడపకు చేస్తే ఆయన తమ్ముడు ఎత్తాడు. "పొద్దున్నే మద్రాసులో ఆపరేషన్‌కి తీసకపోయినారు. ఇంకా మత్తు దిగలేదంట."

భాయ్ కోలుకున్నారు, మళ్లీ డ్యూటీకి వచ్చారు. జరిగిందంతా చెప్పాను.

"నాకేం తెల్దు నాయనా. నీ పని నిలబడింది గదా, అది చాలు."

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరిదైనా, ఆ రోజు నన్ను కాపాడింది. ఆ మేలు మాత్రం భాయ్ చేసిందనే అనుకుంటాను.